వాన లెక్క... ఊరికే దొరుకుతోంది!

మామిడి పూత నిలవాలన్నా, వేరుసెనగ విత్తనం వేయాలన్నా వాన సంగతి తెలియాలి. నూరేళ్లకు పైబడిన ఆ లెక్క ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. మరి అందులో మన ఊరి వాన ఉందా?

చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్లే దారిలో బంగారుపాళ్యం పేరు వినగానే గుర్తొచ్చేది మామిడే. ఈ ప్రాంతానికి నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వాననిస్తాయి. అదే వరం, అదే చిక్కు కూడా. ఈశాన్యం వానలు ఆగకుండా సాగితే పూత ఆలస్యమవుతుంది. పూత మీద కురిస్తే రాలిపోతుంది, తెగుళ్లు పట్టుకుంటాయి. అందుకే ఇక్కడి రైతుకు వాన ఎంత పడిందో ఒక్కటే తెలిస్తే చాలదు, ఎప్పుడు పడిందో కూడా తెలియాలి. ఏళ్ల తరబడి అది గుర్తుండాలంటే రికార్డు కావాల్సిందే.

పుణెలో ఖజానా

భారత వాతావరణ శాఖ 1875లో పుట్టింది. 1901 నుంచి దేశంలో రోజువారీ కురిసిన వానను చదరాలుగా విడగొట్టి, పుణెలోని ఆ శాఖ కార్యాలయం తన వెబ్‌సైట్లో ఉచితంగా పెట్టింది. ఉష్ణోగ్రతలు 1951 నుంచి ఉన్నాయి. ఐరోపా వాళ్ల 'ఈఆర్ఏ5' అయితే 1940 నుంచి గంటగంటకూ లెక్క చెబుతుంది. తెలంగాణ ప్రభుత్వం మండలాల వారీ వివరాలను ఓపెన్ డేటా పోర్టల్లో ఉంచుతోంది. పరిశోధక విద్యార్థికైనా, ప్రణాళికలు వేసే అధికారికైనా, పాఠం చెప్పే మాస్టారికైనా ఇంతకన్నా ఏం కావాలి?

ఒకే చదరం... రెండు వాతావరణాలు

చిక్కంతా అక్కడే ఉంది. పుణె వర్షపాత లెక్కలో ఒక్కో చదరం దాదాపు 27 కిలోమీటర్లు. బంగారుపాళ్యం ఘాట్ కింద ఉంది. మొగిలి ఘాట్ ఎక్కితే పలమనేరు, అక్కడి గాలే వేరు. అంత పెద్ద చదరంలో కొండ కింద వాన, కొండ మీద వాన కలిసి సగటైపోతాయి. రాష్ట్రానికి విధానం రాయడానికి అది సరిపోతుంది. తోట ఉన్న రైతుకు సరిపోదు.

2016లో మార్పులతో వచ్చిన వాతావరణ ఆధారిత పంటల బీమానే చూడండి. పరిహారాన్ని ప్రధానంగా తేల్చేది నిర్దేశించిన వాతావరణ కేంద్రం రికార్డు. తోటలో కురిసిన వాన ఆ కేంద్రం దగ్గర కురవకపోతే లెక్కలోకి రానట్టే!

రైతులే కొలిచారు

దీనికి దారి చూపిన అనుభవం మన దగ్గరే ఉంది. 2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో చిత్తూరు సహా ఏడు కరవు జిల్లాల్లో 600కు పైగా పల్లెల్లో రైతుల భూగర్భజల యాజమాన్య పథకం నడిచింది. ఆడా మగా తేడా లేకుండా రైతులే వాన కొలిచారు. బోర్లలో నీటిమట్టం చూశారు. ఆ అంకెలను ఊరందరికీ కనిపించేలా బోర్డు మీద రాశారు. ఉన్న నీళ్లెన్నో లెక్కగట్టుకుని, ఏ పంట వేయాలో తేల్చుకున్నారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ బలవంతపెట్టలేదు.

ఆ పని బడిపిల్లలూ చేయొచ్చు. వర్షమాపకం ఒకటి, నోటుపుస్తకం ఒకటి చాలు. వాతావరణ శాఖ పద్ధతిలోనే రోజూ ఉదయం 8.30కి చూసి రాయాలి. ఒక్క మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు నాలుగు వేల లీటర్లకు పైనే! లెక్కల మాస్టారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరుకుతుందా? ఏడాది తిరిగాక ఆ అంకెలను పుణె లెక్క పక్కన పెట్టి చూడండి. తేడా ఎక్కడుందో పిల్లలే పట్టేస్తారు. పదేళ్లు రాస్తే, తన తోటలో కురిసిన వాన ఇదీ అని చూపించడానికి రైతు చేతిలో ఓ కాగితముంటుంది.