మెడికల్ ఇమేజింగ్ చదువు: చేరే ముందు విచారించుకోండి

ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన వారం పది రోజుల్లోనే మా మదరసా గుమ్మం ముందు చెప్పుల సంఖ్య పెరుగుతుంది. కొడుకునో కూతురినో వెంటబెట్టుకొని తల్లిదండ్రులు వస్తారు. వారు కోరేది రెండే: ఒక దుఆ, ఒక సలహా. సలహా విషయంలో మేము ఒకసారి పొరబడ్డాము. ఆ పొరపాటు మరొక ఇంటికి నష్టం కలిగించకూడదని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

కొన్నేళ్ళ క్రితం ఒక దర్జీ సోదరుడు అసర్ నమాజు తరువాత మా వద్దకు వచ్చాడు. అతని కుమార్తె బైపీసీలో మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైంది. ఎం.బి.బి.ఎస్. సీటు రాలేదు. పట్టణంలోని ఒక సంస్థవారు మెడికల్ ఇమేజింగ్ కోర్సు నేర్పుతామని, చివర ఉద్యోగం కూడా తామే చూపిస్తామని చెప్పారట. "హజ్రత్, మీరొక ఉత్తరం వ్రాసిస్తే ఫీజు కొంత తగ్గిస్తామన్నారు" అన్నాడు. మేము ఆ సంస్థను చూడలేదు, దాని గురించి ఎవరినీ అడగలేదు. మదరసా లెటర్‌హెడ్ మీద నాలుగు మంచి మాటలు వ్రాసి సంతకం చేశాము.

ఏడాదిన్నర తరువాత ఆ అమ్మాయి చేతికి ఒక రంగుల సర్టిఫికెట్ వచ్చింది. ఉద్యోగానికి వెళ్ళిన ఆస్పత్రిలో రెండు ప్రశ్నలు అడిగారు: ఇది ఏ విశ్వవిద్యాలయం ఇచ్చింది, పారామెడికల్ బోర్డులో నమోదు అయిందా? రెండింటికీ సమాధానం లేదు. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. "నసీబు, హజ్రత్" అన్నాడంతే. అది నసీబు కాదు, విచారించకపోవడం. వార్త ఏదైనా చేరినప్పుడు ముందు నిజానిజాలు తేల్చుకోవాలని ఏళ్ళ తరబడి విద్యార్థులకు బోధించిన మేమే ఆ పని చేయలేదు.

తరువాత ఆ అమ్మాయితోనూ, ఆమె తండ్రితోనూ కూర్చొని ప్రవేశ ప్రకటనలు అక్షరం అక్షరం చదివాము. అప్పుడు నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాము.

ఇది ఏ చదువు?

1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఎక్స్-రే కిరణాలను కనుగొన్నాడు. అప్పటినుంచి శరీరాన్ని కోయకుండానే లోపలి భాగాలను చూసే విద్య పెరుగుతూ వచ్చింది. ఎక్స్-రే, సి.టి., ఎం.ఆర్.ఐ., మామోగ్రఫీ యంత్రాలను నడిపి, రోగిని సరిగా పడుకోబెట్టి, స్పష్టమైన చిత్రం తీయడం ఇమేజింగ్ పట్టభద్రుల పని. ఆ చిత్రాన్ని చూసి రోగమేమిటో నివేదిక వ్రాయడం రేడియాలజిస్టు అనే వైద్యుని పని. ఈ డిగ్రీతో డాక్టరు కావచ్చునని ఎవరైనా చెబితే నమ్మకండి.

డిగ్రీ సాధారణంగా మూడేళ్ళ చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఇది కాక పారామెడికల్ బోర్డులు నిర్వహించే రెండేళ్ళ డిప్లొమా కూడా ఉంది. దానిని డి.ఎం.ఐ.టి. అంటారు. రెండూ చెల్లుబాటయ్యేవే. డిగ్రీ ఇచ్చేది విశ్వవిద్యాలయం, డిప్లొమా ఇచ్చేది బోర్డు. మా అమ్మాయి చేరిన చోట ఈ రెండింటిలో ఏదీ లేదు. "కోర్సు" అన్న ఒక్క మాట విని ఆగిపోకుండా, చివర చేతికి వచ్చే పత్రం మీద ఎవరి ముద్ర ఉంటుందో అడగాలి.

2021లో కేంద్ర ప్రభుత్వం అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం ఒక జాతీయ కమిషన్ చట్టం తెచ్చింది. ఇమేజింగ్ వృత్తి కూడా దాని పరిధిలోనిదే. అందువల్ల గుర్తింపు లేని పత్రానికి విలువ ఇకమీదట మరింత తగ్గుతుందే తప్ప పెరగదు. ఇంట్లో కూర్చొని దూరవిద్య ద్వారా ఈ డిగ్రీ పొందవచ్చునని చెప్పేవారిని దరిదాపులకు రానివ్వకండి. యంత్రం ముందు నిలబడకుండా ఈ పని రాదు.

దరఖాస్తు చేసే విధానం

తెలంగాణలో ఈ డిగ్రీ ప్రవేశాలను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం చూస్తాయి. అనుబంధ కళాశాలల జాబితా ఆ విశ్వవిద్యాలయాల వద్దే ఉంటుంది. మీరు చూసిన కళాశాల పేరు, ఈ కోర్సు పేరు రెండూ ఆ జాబితాలో ఉండాలి. కళాశాలకు గుర్తింపు ఉండి ఈ కోర్సుకు లేకపోవడం కూడా సంభవమే.

ప్రకటన వెలువడగానే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, పత్రాలు స్కాన్ చేసి పంపాలి. పరిశీలన ముగిశాక ప్రతిభా జాబితా వస్తుంది. తరువాత కళాశాలల ఎంపికలు నమోదు చేయాలి. సీటు కేటాయించాక విశ్వవిద్యాలయ రుసుము కట్టి, కేటాయింపు పత్రం తీసుకొని, గడువులోగా అసలు పత్రాలతో కళాశాలలో హాజరు కావాలి. గడువు దాటితే సీటు పోతుంది. ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థలు వేరే ప్రవేశ పరీక్ష నిర్వహిస్తాయి, వాటికి ప్రత్యేకంగా దరఖాస్తు చేయాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చాలామంది ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి ఆ యజమాని ఫోన్ నంబరే ఇచ్చి దరఖాస్తు నింపిస్తారు. ఆ తరువాత ఓటీపీ గానీ, సీటు వచ్చిన సమాచారం గానీ అతని ఫోనుకే వెళుతుంది. ఇంట్లోవారి నంబరు, ఇంట్లోవారి మెయిల్ మాత్రమే ఇవ్వండి. కళాశాలల ఎంపికలు కూడా పిల్లలు స్వయంగా కూర్చొని వరుసలో పెట్టుకోవాలి.

పేర్లు, పత్రాలు

మన ఇళ్ళలో చిక్కంతా ఇక్కడే వస్తుంది. పదవ తరగతి మెమోలో "షేక్ ఆయిషా", ఆధార్‌లో "ఎస్.కె. అయేషా బేగం", రేషన్ కార్డులో మరొకటి. తండ్రి పేరుకూ ఇదే గతి. పరిశీలనలో పదవ తరగతి మెమోలోని పేరును, పుట్టిన తేదీని ప్రమాణంగా తీసుకుంటారు. మిగిలిన పత్రాలను దానికి అనుగుణంగా ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగానే సరిచేయించుకోండి. ప్రకటన వచ్చాక మొదలుపెడితే సమయం చాలదు.

స్థానికత నిరూపణకు ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివిన ధ్రువపత్రాలు అడుగుతారు. హిఫ్జ్ కోసం రెండు మూడేళ్ళు పాఠశాల మాన్పించి, తరువాత ప్రైవేటుగా పదో తరగతి వ్రాయించిన పిల్లలకు ఆ ఏళ్ళ పత్రం ఉండదు. అటువంటివారు తహసీల్దారు కార్యాలయం నుంచి నివాస ధ్రువపత్రం ముందుగానే తీసుకోవాలి. ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పవలసింది మావంటి మదరసా ఉపాధ్యాయులే. ఇన్నేళ్ళూ మేమూ చెప్పలేదు.

రిజర్వేషన్ విషయంలోనూ అయోమయం ఎక్కువ. 2007 నాటి చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం సీట్లున్నాయి. ముస్లిములందరూ ఇందులోకి రారు. సయ్యద్, పఠాన్, మొగల్ వంటి వర్గాలు దీని పరిధిలో లేవు. వారు ఆదాయ పరిమితికి లోబడితే ఆర్థికంగా వెనుకబడిన వర్గాల పత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. దూదేకుల సోదరులు బీసీ-బి కిందికి వస్తారు. ఏది వర్తిస్తుందో అదే పత్రం తీసుకోవాలి. లేని కులం పేరుతో సీటు పొందడం చట్టరీత్యా నేరం, ధర్మరీత్యా ఇంకొకరి హక్కును లాక్కోవడం.

ఫీజు

కన్వీనరు కోటా సీటుకు, అర్హత ఉన్న కుటుంబాలకు ప్రభుత్వ ఫీజు సహాయం అందుతుంది. యాజమాన్య కోటా సీటుకు సాధారణంగా అది వర్తించదు. "ముందు చేరండి, తరువాత స్కాలర్‌షిప్ వస్తుంది" అన్న మాట విని డబ్బు కట్టకండి. ఏ రుసుమైనా బ్యాంకు ద్వారా కట్టి రశీదు తీసుకోండి. అసలు పత్రాలు అప్పగించేటప్పుడు వాటి జాబితా వ్రాసి కళాశాల ముద్రతో ఒక ప్రతి ఉంచుకోండి.

వడ్డీ అప్పు తీసుకోలేక చదువు మాన్పించిన ఇళ్ళను మేము చూశాము. జకాత్‌కు అర్హులైన పేద విద్యార్థి పక్కవీధిలోనే ఉన్నప్పుడు అతని ఫీజు గురించి ఆలోచించడం మొహల్లాలోని స్థితిమంతుల బాధ్యత.

ఇంట్లో లేచే సందేహాలు

ఆడపిల్లలకు రేడియేషన్ వల్ల హాని కలుగుతుందేమో, రేపు సంతానానికి ఇబ్బందేమో అని తల్లులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఎం.ఆర్.ఐ.లోనూ, అల్ట్రాసౌండ్‌లోనూ అటువంటి కిరణాలు లేవు. ఎక్స్-రే, సి.టి.లలో ఉన్నాయి. అక్కడ పనిచేసేవారికి అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి విధించింది: ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించరాదు. ఎంత సోకిందో కొలిచేందుకు ఛాతీ వద్ద ఒక చిన్న బ్యాడ్జీ ధరించాలి. గర్భవతి అయితే వెంటనే అధికారికి తెలియజేయాలి, గర్భస్థ శిశువుకు మరింత కఠినమైన పరిమితి ఉంది. విద్యార్థులకు ఆ బ్యాడ్జీలు ఇవ్వని కళాశాలను ప్రశ్నించండి.

పర్దా సంగతి మరొకటి. మామోగ్రఫీ గదిలో పురుషుడు ఉన్నాడని తెలిసి పరీక్ష చేయించుకోకుండా వెనుదిరిగే స్త్రీలు మన ఇళ్ళలోనే ఉన్నారు. అక్కడ ఒక స్త్రీ ఉండాలంటే ఎవరి ఇంటి ఆడపిల్లో ఒకరు చదవాలి కదా! స్కాను గదికి సంబంధించి మరొక బాధ్యత కూడా ఉంది. గర్భంలో ఆడో మగో చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం. బంధువులు బతిమాలినా ఆ మాట పెదవి దాటకూడదు.

ఆ దర్జీ సోదరుని కుమార్తె తరువాతి ఏడాది కౌన్సెలింగ్ ద్వారా డిగ్రీలో చేరింది. తోటివారికంటే రెండేళ్ళు వెనుకబడి ఇప్పుడు ఇంటర్న్‌షిప్ చేస్తున్నది. మొన్న ఈద్‌కు ఇంటికి వచ్చినప్పుడు మాతో ఇలా అన్నది: "హజ్రత్, ఎం.ఆర్.ఐ. గదిలోకి లోహం తేకూడదు. మన ఆడవాళ్ళు హిజాబ్ పిన్నులు, తావీజులు తీయడానికి ఇష్టపడరు. నేను వాళ్ళ భాషలో నచ్చజెప్పి తీయిస్తాను."

ఇప్పుడు ఎవరైనా సిఫారసు ఉత్తరం అడిగితే మేము ముందు నాలుగు ప్రశ్నలు కాగితం మీద వ్రాసి ఇస్తున్నాము. పత్రం ఇచ్చేది ఏ విశ్వవిద్యాలయం లేక ఏ బోర్డు? ఈ కళాశాలకు, ఈ కోర్సుకు అనుబంధం ఉన్నట్లు జాబితాలో మీరే చూశారా? శిక్షణకు ఏ ఆస్పత్రి, అక్కడ సి.టి., ఎం.ఆర్.ఐ. యంత్రాలు ఉన్నాయా? మొత్తం ఫీజు ఎంత, అది వ్రాతపూర్వకంగా ఇచ్చారా? ఈ నాలుగింటికీ సమాధానం తెచ్చినవారికే ఉత్తరం. కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా ఫరవాలేదు. పిల్లల వయసు, తండ్రి కష్టార్జితం రెండూ మన చేతికి వచ్చిన అమానత్. వాటిని విచారించకుండా ఎవరి చేతిలోనూ పెట్టరాదు.