పంక్తిలో పాఠం

ఏటా సెప్టెంబరు 5 సమీపించగానే ఉత్తమ ఉపాధ్యాయుల ప్రస్తావన మొదలవుతుంది. 1958లో ప్రారంభమైన జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలకు 2018 నుంచి ఉపాధ్యాయులే స్వయంగా దరఖాస్తు చేసుకుంటున్నారు. వినూత్న బోధనకు అందులో పెద్దపీట. పిల్లల మానసిక క్షేమం అనే మాట కూడా విద్యా చర్చల్లో ఇప్పుడు తరచు వినబడుతోంది. 2018 జులైలో ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో ప్రవేశపెట్టిన ‘హ్యాపీనెస్ కరికులమ్’ అందుకు పేరొందిన ఉదాహరణ. కథలు, ధ్యానం, ముచ్చట్లకు రోజూ ఒక పీరియడ్ కేటాయించడం స్వాగతించదగినదే. కాని కులసమాజంలో పిల్లల మనసుకు తగిలే తొలి గాయం ఏమిటో అడగకుండా వారి క్షేమాన్ని కొలవడం ఎలా సాధ్యం?

అంబేడ్కర్ బడి అనుభవం మనకు తెలియనిది కాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చోవాలి. దాహమేస్తే ప్యూను వచ్చి కుళాయి తిప్పాలి. ప్యూను లేని రోజు నీళ్లు లేవు. ఆ బాలుడికి ప్రశాంతంగా ఊపిరి పీల్చడం నేర్పితే క్షేమం కలిగేది కాదు. కుళాయి ముట్టుకోనిస్తే కలిగేది.

ఇప్పుడు గోనెపట్టాలు లేవు, నిజమే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే గాక మానసిక వేధింపును కూడా నిషేధించింది. మధ్యాహ్న భోజన పథకంలో వంటవారి నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. అయినా 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో దళిత మహిళ వండిన అన్నాన్ని అగ్రకుల విద్యార్థులు నిరాకరించారు. 2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే ఇంటికి వెళ్లి నరికారు. పిల్లలకు కులం తెలియదు, మనమే గుర్తుచేస్తున్నామని వాదించేవారికి ఈ రెండు ఘటనలే జవాబు. పిల్లలకు కులం తెలుసు. దాన్ని మరిపించే పాఠమే వారికి అందడం లేదు.

అలాంటి పాఠం చెప్పిన మనిషి ఒకరు కృష్ణా డెల్టాలోనే ఉన్నారు. పమిడిముక్కలకు పొరుగున, ఉయ్యూరు మండలంలో ముదునూరు అనే ఊరుంది. వృక్షశాస్త్ర అధ్యాపకుడు గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1940లో సరస్వతి గోరాతో కలిసి ఆ ఊరు చేరి నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. అంతకుముందు నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడ పీఆర్ కళాశాలలో ఆయన ఉద్యోగం పోయింది. మచిలీపట్నం హిందూ కళాశాలలోనూ కొలువు నిలవలేదు. ముదునూరులో ఆయన వయోజన విద్యనూ అంటరానితన నిర్మూలననూ విడదీయలేదు. అక్షరాలతో పాటు సహపంక్తి భోజనాలు నడిపారు. 1948లో తన కుమార్తె మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో సేవాగ్రామంలో వివాహం జరిపించారు. ఊరికి చెప్పిన పాఠాన్ని ముందుగా తన ఇంట్లో అమలు చేసిన గురువు ఆయన. ఆయన నాస్తికత్వంతో ఏకీభవించనివారు కూడా ఈ బోధన విలువను కాదనలేరు.

ఇక్కడ నాకు కనిపించే చిక్కు వేరు. ఉద్యోగం పోయాక గోరాకు దొరికిన స్వేచ్ఛ నేటి ప్రభుత్వ ఉపాధ్యాయురాలికి లేదు. వరుసలు మార్చి అందరినీ కలిపి కూర్చోబెడితే ఊరి పెద్దలు వచ్చి అడుగుతారు. మరుగుదొడ్లు కడగడానికి దళిత పిల్లలనే ఎందుకు పంపుతున్నారని ప్రశ్నిస్తే స్టాఫ్‌రూమ్‌లో ఒంటరవుతుంది. కలిగినవారి పిల్లలు ప్రైవేటు బస్సెక్కిపోగా, దళిత, వెనుకబడిన కులాల పిల్లలే ఎక్కువగా మిగిలిన ఊరి బడిలో ఆమె పక్షాన నిలిచేదెవరు? పురస్కారానికి అసలు ప్రయోజనం ఇక్కడే ఉంది. అది శాలువాగా కాక రక్షణగా పనికిరావాలి. ఈ పని చేసినందుకు నిన్ను బదిలీ చేయం, నీ వెనుక మేమున్నాం అని ప్రభుత్వం బహిరంగంగా చెప్పడం కావాలి.

వివక్ష చూపకపోవడం 17వ అధికరణం విధించిన బాధ్యత, దానికి సన్మానమెందుకు అని కొందరు మిత్రులు అంటారు. వివక్ష చూపకపోవడం బాధ్యతే. తరతరాలుగా పేరుకున్న వివక్షను తరగతి గదిలో కరిగించడం మాత్రం నైపుణ్యం. దానికి ఓర్పు, ఆలోచన, సాహసం కావాలి. గణితాన్ని ఆటలతో నేర్పడం వినూత్నమైతే, ఇదెందుకు కాదు?

అందుకని ఎంపిక ప్రమాణాల్లో కొన్ని సాదాసీదా ప్రశ్నలు చేరాలి. ఈ గదిలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు? చీపురు ఎవరి చేతికి, మైకు ఎవరి చేతికి వెళుతోంది? ఉపకారవేతనాల జాబితాను అందరి ముందూ కులంతో సహా చదువుతున్నారా? వంటమ్మను పిల్లలు ఏమని పిలుస్తున్నారు? నాంగునేరి ఘటన తర్వాత తమిళనాడు ప్రభుత్వం నియమించిన జస్టిస్ కె. చంద్రు కమిటీ 2024లో ఇచ్చిన నివేదికలో, పిల్లలను పేర్ల అక్షరక్రమంలో కూర్చోబెట్టాలనీ, కులాన్ని సూచించే రంగు దారాలను నిషేధించాలనీ సూచించింది. మన రాష్ట్రాల్లో అలాంటి పరిశీలనకు మరో నాంగునేరి కోసం ఎదురుచూడనవసరం లేదు.

ఒక జాగ్రత్త అవసరం. దళిత బాలుడి పక్కన కూర్చుని అన్నం తింటున్న ఫొటో దరఖాస్తుకు జతపరిచే తంతుగా ఇది దిగజారకూడదు. ఆ ఫొటో కూడా పిల్లవాడికి అవమానమే. స్వయంగా చేసుకున్న దరఖాస్తు ఒక్కటే చాలదు. దళితవాడ తల్లిదండ్రుల మాట, బడి విడిచి వెళ్లిన పూర్వవిద్యార్థుల మాట గోప్యంగా వినాలి.

విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే నాకు, తెలివి ఉండీ నోరు విప్పని విద్యార్థులు ఏటా కనిపిస్తారు. ఆ మౌనం అంతా విశ్వవిద్యాలయంలో పుట్టినది కాదు. రోహిత్ వేముల మరణం తర్వాత ఉన్నత విద్యాసంస్థల్లో వివక్ష గురించి ఎంతో మాట్లాడుకున్నాం. ఆ మాటను ఒకటో తరగతి దాకా తీసుకెళ్లాలి. వచ్చే సెప్టెంబరులో ఎవరికి శాలువా కప్పాలో తేల్చే ముందు, అధికారులు ఒక మధ్యాహ్నం ఆ బడికి చెప్పకుండా వెళ్లి, భోజనాల పంక్తిలో పిల్లల మధ్య కూర్చుంటే చాలా సంగతులు తెలుస్తాయి.