ఒకే సీటుకు రెండు ధరలు: నాటకశాల టికెట్ల పునర్విక్రయం

సప్లయి పూర్తిగా అవ్యాకోచంగా ఉన్నప్పుడు ధరను డిమాండే నిర్ణయిస్తుందని గత భాగంలో చదివారు. రేఖాచిత్రంలో నిటారుగా నిలబడ్డ ఆ సప్లయి రేఖను నిజజీవితంలో చూడాలంటే నాటకశాలకు వెళ్లాలి. న్యూయార్క్‌లోని రిచర్డ్ రోడ్జర్స్ థియేటర్‌లో సుమారు 1,300 సీట్లున్నాయి. టికెట్టు కోసం వంద మంది వచ్చినా, పదివేల మంది వచ్చినా ఒక ప్రదర్శనకు ఉన్నవి అవే.

2015 ఆగస్టులో అక్కడ 'హామిల్టన్' అనే సంగీత నాటకం ప్రారంభమైంది. అందులో మామూలు టికెట్టు ధర రెండు వందల డాలర్ల లోపే. పునర్విక్రయంలో మాత్రం అదే టికెట్టు అంతకు ఎన్నో రెట్లు పలికింది. మొదట నిర్వాహకులు అమ్మే చోటును ప్రాథమిక మార్కెట్టు అని, కొన్నవారు తిరిగి అమ్మే చోటును ద్వితీయ మార్కెట్టు అని అంటాం. ఈ రెండు ధరల మధ్య తేడా ఎవరి చేతికి వెళ్లాలన్నదే మనం పరిశీలించవలసిన ప్రశ్న.

నిర్మాత మొదటే ఎక్కువ ధర పెట్టవచ్చు కదా అని మీకు సందేహం కలగవచ్చు. నెలల ముందుగానే టికెట్లు అమ్మకానికి పెడతారు కనుక నాటకం ఎంత బాగా ఆడుతుందో అప్పటికి తెలియదు. హాలు నిండుగా ఉంటేనే నటులకు ఊపు, నాటకానికి పేరు. ధనవంతులకే పరిమితమైన నాటకమన్న మాట పడితే అది త్వరగా పోదు. అందుకే నిర్మాత సమతౌల్య ధర కన్నా తక్కువకు అమ్మి, కొంత వినియోగదారుని మిగులును ప్రేక్షకుడికే వదులుతాడు. ప్రేక్షకుడికి అందవలసిన ఆ మిగులును దళారి మధ్యలోనే అందుకుంటాడు.

తిరిగి అమ్మే ప్రతివాడూ దళారి కాడు. ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చి ప్రయాణం మానుకున్నవారు టికెట్టు అమ్ముకుంటే వారికి డబ్బు దక్కుతుంది, మరొకరికి సీటు దొరుకుతుంది. ఇందులో ఎవరికీ నష్టం లేదు. చిక్కంతా ముందుగానే గంపగుత్తగా కొనేవారితో వస్తుంది. 2016 జనవరిలో న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం ఇచ్చిన నివేదికలో ఒక సంగీత కచేరీ ఉదాహరణ ఉంది. యూటూ బృందం కచేరీకి మనిషికి నాలుగు టికెట్లే అన్న పరిమితి ఉన్నా, ఒక దళారి 'బాట్' అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్క నిమిషంలో 1,012 టికెట్లు కొన్నాడు. చేత్తో పేరు, కార్డు నంబరు కొట్టుకుంటూ కూర్చున్నవాడు దానితో ఎలా పోటీపడగలడు?

'హామిల్టన్' నిర్మాతలు 2016 జూన్‌లో ఒక పని చేశారు. ప్రతి ప్రదర్శనలో సుమారు 200 మేలైన సీట్ల ధరను 475 డాలర్ల నుంచి 849 డాలర్లకు పెంచారు. దానితోపాటు లాటరీ ద్వారా పది డాలర్లకే ఇచ్చే సీట్లను 21 నుంచి 46కు పెంచారు. అంటే దళారికి పోయే సొమ్ములో కొంత తామే తీసుకుని, కొన్ని సీట్లను అదృష్టానికి వదిలారు. మన రాష్ట్రాల్లో పెద్ద సినిమాల విడుదల తొలి రోజుల్లో టికెట్టు ధర పెంచుకోవడానికి ప్రభుత్వం ప్రత్యేక అనుమతి ఇచ్చినప్పుడు జరిగేదీ ఇంచుమించు ఇదే. హాలు బయట బ్లాకులో అమ్మేవాడికి పోయే తేడా నిర్మాతకు, హాలు యజమానికి చేరుతుంది. ప్రేక్షకుడికి మాత్రం టికెట్టు చౌక కాదు.

ఎం.ఏ. చదివే రోజుల్లో నేనూ ఒక హాలు ముందు మూడు రూపాయల టికెట్టును పది రూపాయలకు కొన్నాను. అది అప్పటికే అయిపోయిన మ్యాట్నీ టికెట్టని గేటు దగ్గర తేలింది. వెనక్కి చూస్తే అమ్మినవాడు లేడు. 2000లో మొదలైన స్టబ్‌హబ్ వంటి పునర్విక్రయ వేదికలు అమ్మేది ముఖ్యంగా ఈ లోటుకు మందు: నమ్మకం. టికెట్లు వేదికవి కావు. అది అమ్మేవారిని, కొనేవారిని కలుపుతుంది. టికెట్టు చెల్లకపోతే డబ్బు వాపసు ఇస్తానని హామీ ఇస్తుంది. అందుకు రుసుము తీసుకుంటుంది. రుసుము సాధారణంగా ధరలో ఇంత శాతమని ఉంటుంది కనుక ధర పెరిగితే వేదికకూ లాభమేనని గుర్తుంచుకోండి. ఈ రుసుమును చివరి మెట్టులో కలిపి చూపే అలవాటుకు అడ్డుకట్టగా, మొత్తం ధర మొదటే చూపాలన్న నిబంధన అమెరికాలో 2025 మే నుంచి అమలులోకి వచ్చింది.

బాట్‌లను నిషేధిస్తూ అమెరికా 2016 డిసెంబరులో చట్టం చేసింది. దాని కింద తొలి కేసులు 2021లో గాని రాలేదు. చట్టం రాయడం కన్నా దొంగను గుర్తించడమే కష్టమని దీన్నిబట్టి తెలుస్తుంది. ఐర్లాండ్ మరో దారి పట్టింది. నిర్దేశించిన ప్రదర్శనలకు టికెట్టు మీది ధర కన్నా ఎక్కువకు తిరిగి అమ్మరాదని 2021లో చట్టం తెచ్చింది. జ్వరం వచ్చినవారికి ఇందులో ఇబ్బంది లేదు, పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. గంపగుత్త వ్యాపారికి మాత్రం లాభం ఉండదు. నాకు ఈ పద్ధతే మెరుగనిపిస్తుంది. అయితే కొరత అలాగే ఉంటుంది కనుక సీటు ఎవరికన్నది డబ్బుకు బదులు వరుసో, లాటరీయో తేలుస్తుంది. రోజంతా వరుసలో నిలబడే తీరిక కూలి పనికి వెళ్లేవారికి ఉంటుందా అన్నది మీరు ఆలోచించండి.

దళారి ఎప్పుడూ గెలుస్తాడని కూడా అనుకోవద్దు. తెర లేచిన మరుక్షణం అమ్ముడుపోని టికెట్టు విలువ సున్నా. కూరగాయల మార్కెట్టులో పొద్దుగూకే వేళ టమాటా ధర పడిపోయినట్టే, గిరాకీ లేని నాటకానికి ఆట మొదలయ్యే ముందు గంటల్లో ద్వితీయ మార్కెట్టు ధర టికెట్టు మీది ధర కన్నా కిందికి దిగుతుంది. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 1973 నుంచి ఉన్న టికెట్ల బూత్ ముందు, మిగిలిపోయిన సీట్లు అదే రోజు తగ్గింపు ధరకు కొనడానికి జనం నేటికీ వరుస కడుతున్నారు.