నైట్‌క్లబ్బే తొలి దుకాణం: ‘హుడ్ బై ఎయిర్’ కథ
న్యూయార్క్ రాత్రి పార్టీలే ‘హుడ్ బై ఎయిర్’ బ్రాండ్‌కు ఊపిరి. షేన్ ఆలివర్, రౌల్ లోపెజ్ 2006లో టీ-షర్టులతో దీన్ని ప్రారంభించారు. వీనస్ ఎక్స్ నిర్వహించే ‘గెటో గోథిక్’ పార్టీలలో ఆలివర్ డీజే కూడా. అక్కడ నర్తించేవారే ఆ దుస్తులకు మోడళ్లు, వారే కొనుగోలుదారులు. ప్రకటనలకు సొమ్ము లేని చిన్న సంస్థకు ఇంతకు మించిన ప్రచారం ఏముంటుంది? భారీ అక్షరాల లోగోలు, స్త్రీపురుష భేదం పాటించని కటింగ్ మసక వెలుతురులోనూ కంటబడేవి.

ఫ్రెంచ్ విలాస వస్తువుల దిగ్గజం ఎల్‌వీఎంహెచ్ 2014లో దీనికి లక్ష యూరోల ప్రత్యేక బహుమతి ఇచ్చింది. ముంబయి సోదరీమణులు టీనా, నికితా సుతారియాల ‘మియునికు’కూ అదే ఏడాది అదే గౌరవం దక్కింది. అయితే గుర్తింపు వేరు, వ్యాపారం వేరు. బట్టకు, కుట్టుకూలికి ముందే చెల్లించాలి. దుకాణాల నుంచి డబ్బు నెలల తర్వాత వస్తుంది. స్వతంత్ర సంస్థలను కుంగదీసేది తరచూ ఈ వ్యవధే. ‘హుడ్ బై ఎయిర్’ 2017లో విరామం ప్రకటించింది. ఆలివర్ ఆ ఏడాదే ‘హెల్ముట్ లాంగ్’ బ్రాండ్‌కు దుస్తులు రూపొందించారు.