వచ్చిపోయే దోషం – పాత కారు నేర్పిన పాఠం



పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో చేరి, కార్ల కరెంటు పనిలో స్థిరపడిన వాళ్లం మేము. మా పనిలో అన్నిటికంటే కష్టమైన సంగతి ఒకటి ఈ సంచికలో చెప్పదలిచాం.

పూర్తిగా చెడిపోయిన దాన్ని కనిపెట్టడం తేలిక. ఒకసారి పనిచేసి ఇంకోసారి మొరాయించే దానితోనే చిక్కు. దారిలో ఆగిన బండి షెడ్డుకు రాగానే బుద్ధిమంతుడిలా నడుస్తుంది. డాక్టరు గుమ్మం దగ్గర పంటినొప్పి తగ్గినట్లే!

ఒక టాక్సీ డ్రైవరన్న తన పెట్రోలు అంబాసిడర్ తెచ్చాడు. ఉదయం సెల్ఫ్ బాగా తీసుకుంటుంది, మధ్యాహ్నం ఇంజను వేడెక్కాక "టక్" మని ఊరుకుంటుంది. అప్పటికే ఒకచోట కొత్త బ్యాటరీ వేయించారు, ఇంకోచోట సెల్ఫ్ మోటారు విప్పించారు. అప్పు మిగిలింది, దోషం పోలేదు. రోగమొకటి, మందొకటి.

మేము ఏ సామానూ మార్చలేదు. బండిని వేడెక్కేదాకా తిప్పి, సెల్ఫ్ మొరాయించినప్పుడే మీటరు పెట్టాం. బ్యాటరీ దగ్గర 12 వోల్టులు ఉన్నాయి. కానీ ఇంజను ఇనుముకూ బ్యాటరీ నెగిటివ్ పోలుకూ మధ్య 5 వోల్టులు దాటాయి. అక్కడ అర వోల్టుకు మించకూడదు. పైగా చోక్ కేబులు చేతికి వేడిగా తగిలింది. అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి మూసుకుపోయి, ఆ సన్నని కేబులు గుండా వెళుతోందన్నమాట. ఇంజనును బాడీతో కలిపే ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు పట్టి ఉంది. ఎమెరీ పేపరుతో గీకి, కొత్త పట్టీ బిగించాం. ఆయన పోగొట్టుకున్న డబ్బుతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోకే రాదు.

దీన్నిబట్టి మేము పాటించే పద్ధతి ఇది:

1. ముందు అడగాలి. దోషం ఎప్పుడు వస్తోంది? వేడెక్కాక ఇంజను ఆగి, చల్లారితే మళ్లీ స్టార్టయితే ఇగ్నిషన్ కాయిల్‌ను అనుమానించాలి. గతుకుల్లో వస్తే లూజు కాంటాక్టు లేదా ఒరుసుకుపోయిన వైరు. వానలో వస్తే డిస్ట్రిబ్యూటర్ మూత, ప్లగ్గు వైర్లు. ఒక లైటు వేస్తే ఇంకొకటి మసకబారితే ఎర్త్ చూడాలి.

2. దోషం ఉన్నప్పుడే పరీక్షించాలి. లైట్లు వేసి వైర్ల కట్టను జానెడు జానెడు కదుపుతూ పోవాలి. ఎక్కడ కదిపితే లైటు మిణుకుమంటుందో అక్కడే వెతకాలి.

3. లోడు పెట్టి చూడాలి. వైరులోని పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. మీటరు తీసుకునే కరెంటు దాదాపు శూన్యం కదా! అదే వైరుకు 21 వాట్ల బల్బు తగిలిస్తే 1.75 ఆంపియర్లు కావాలి. అది మసకగా వెలిగితే అసలు సంగతి బయటపడుతుంది. రెండు వైర్లు కట్టిన ఒక పాత బల్బు చాలు.

4. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే సిగరెట్ పెట్టె రేకు చుట్టకండి, బండి తగలబడుతుంది. ఫ్యూజు స్థానంలో ఆ బల్బునే తగిలించి, ఆ లైనులోని లోడు విప్పి, స్విచ్ వేయండి. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. వైర్లు కదుపుతుంటే ఎక్కడ ఆరుతుందో, అక్కడే తోలు ఊడిన వైరు బాడీకి తగులుతోంది.

5. వైరు కోసి అతికే ముందు బ్యాటరీ నెగిటివ్ తీయాలి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక దగ్గర అగ్గిపుల్ల గీయరాదు.

తమ్ముళ్లూ, ఇదంతా మీరు పదో తరగతిలో బట్టీ పట్టే ఓమ్ నియమమే. 60 వాట్ల హెడ్‌లైటు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే దాని నిరోధం 2.4 ఓములు. మధ్యలో చిలుము పట్టిన జాయింటు 0.6 ఓము కలిపిందనుకోండి. మొత్తం 3 ఓములు, కరెంటు 4 ఆంపియర్లు. బల్బు నిరోధం మారదనుకుంటే దానికి దక్కేది 9.6 వోల్టులే. మిగతా 2.4 వోల్టులు జాయింటును వేడి చేయడానికే పోతాయి. 150 ఆంపియర్లు లాగే సెల్ఫ్ మోటారుకైతే 0.02 ఓమే 3 వోల్టులు మింగేస్తుంది. మేమూ ఆ రోజుల్లో ఈ లెక్కలు మార్కుల కోసమే చేశాం. అవే ఇప్పుడు అన్నం పెడుతున్నాయి.

అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పటి కార్లకు స్కానరు తగిలిస్తే కోడ్ చూపిస్తుంది. కానీ తుప్పు పట్టిన ఎర్త్ పేరు ఏ కోడూ నేరుగా చెప్పదు. అక్కడ మళ్లీ బల్బూ మీటరే దిక్కు.

దోషం దొరకనప్పుడు "ఇంకా తెలియలేదన్నా, బండి ఒకరోజు ఉంచు" అనడానికి మేము సిగ్గుపడం. ఊహించి సామాను మారిస్తే పోయేది మన డబ్బు కాదు, రోజు కిరాయి మీద బతికే మనిషిది. మన అమ్మానాన్నల లాంటి వాళ్లది. ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

– పూర్వ విద్యార్థులు, ఆటో ఎలక్ట్రీషియన్లు