పసిబిడ్డ నోట్లో తెల్లని ముత్యాలు

మన గుడికి బారసాలకు వచ్చే తల్లులు, వారికి సాయంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు మమ్మల్ని తరచు అడిగే మాట ఒకటుంది: "బిడ్డ ఆవులించినప్పుడు అంగిట్లో తెల్లగా ఏదో కనబడింది. పన్నా, పుండా?"

చాలావరకు అది రెండూ కాదు. అంగిలి మధ్యగీత వెంట ఆవగింజంత పరిమాణంలో, తెల్లగానో లేత పసుపుగానో, గట్టిగా కనిపించే ఈ బుడిపెలను ఎప్‌స్టైన్ ముత్యాలు అంటారు. పుట్టిన పిల్లల్లో సగానికి పైగా ఇవి ఉంటాయి. కడుపులో ఉండగా బిడ్డ అంగిలి రెండు పక్కల నుంచి పెరిగి మధ్యలో కలుస్తుంది. ఆ అతుకులో చిక్కుకున్న కణాలే ఇలా బుడిపెలవుతాయి. లోపల ఉండేది చీము కాదు, మన గోళ్ళలో ఉండే కెరాటిన్. చిగుళ్ళ మీదా ఇలాంటివే రావచ్చు. నొప్పి ఉండదు, పాలు తాగడానికి అడ్డం కావు. కొన్ని వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో, వాటంతటవే పోతాయి.

పై చిగురు మీద తెల్లగా కనిపిస్తే "పై పన్ను ముందొచ్చింది, మేనమామకు గండం" అని కంగారుపడే పెద్దలున్నారు. శాంతి సంగతి ఆలోచించే ముందు హెల్త్ విజిటర్‌కు ఒకసారి చూపించండి.

సూదితో గుచ్చకండి, గోటితో గిల్లకండి, గుడ్డతో రుద్దకండి. పుండు పడితే క్రిములు చేరతాయి. తేనె అసలు రాయకండి. ఏడాది నిండని బిడ్డకు తేనె వల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. అన్నప్రాశన పరమాన్నంలోనూ తేనె కలపవద్దు.

నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తరకల్లా తెల్లగా అంటుకుని, తుడిచినా సులువుగా రాకపోతే అది థ్రష్ కావచ్చు. దానికి మందుంది, జీపీని అడగండి. కదిలే పన్ను ఉన్నా, నాలుక కింద నీలంగా వాచినా, బుడిపె పెరుగుతున్నా, రక్తం వచ్చినా చూపించాల్సిందే. బిడ్డ పాలు తాగడం తగ్గించినా, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీలు గానీ అంతకు మించి గానీ ఉన్నా ఆగకుండా జీపీకి గానీ 111కు గానీ ఫోన్ చేయండి.

మిగిలిన వాటికి మందు ఓపికే. ఈసారి బిడ్డ ఆవులించినప్పుడు ఆ ముత్యాలు కనిపిస్తే, చూసి నవ్వుకోండి.