ట్రక్కు మీద గది: బరువెంత? ఎక్కడ?

రాయపూర్ నుంచి 30వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి ప్రయాణిస్తే ధమ్‌తరి, కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. పన్నెండు మలుపులు ఎక్కి బస్తర్ పీఠభూమి చేరితే, అదే దారి జగదల్‌పూర్, సుక్మా, కుంటల మీదుగా మన భద్రాచలం వైపు దిగుతుంది. ఈ దారిలో ఏకంగా ఒక గదిని మోసుకుపోవాలంటే ఎలాంటి ట్రక్కు కావాలి?

గది అంటే మంచం, వంటగట్టు, నీటితొట్టి ఉన్న విహారవాహనం కావచ్చు. అడవి గ్రామాలకు వెళ్లే వైద్యబృందం పనిచేసే గదీ కావచ్చు. వారపు సంతల్లోనే వైద్యం అందించేందుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019 అక్టోబరు 2న ముఖ్యమంత్రి హాట్ బజార్ క్లినిక్ పథకాన్ని ప్రారంభించింది. ఇలాంటి పనికి బయల్దేరిన వాహనం దారిలో ఆగిపోతే ఆ వారం సంతలో వైద్యం అందనట్టే. అందుకే ఎంపిక జాగ్రత్తగా జరగాలి.

మొదటి లెక్క: ఎంత మోయగలదు?

చాలామంది ముందుగా ఇంజను అశ్వశక్తి ఎంతని అడుగుతారు. అడగవలసిన మొదటి ప్రశ్న అది కాదు. సరుకుతో సహా వాహనానికి అనుమతించిన మొత్తం బరువు ఎంత? ఖాళీ వాహనం బరువు ఎంత? మొదటి దానిలోంచి రెండోది తీసివేస్తే మిగిలేదే మీరు వాడుకోగల బరువు.

ఉదాహరణకు 1,700 కిలోలు మోయగల పికప్ తీసుకుందాం. గది డొల్ల 900 కిలోలు, 200 లీటర్ల నీరు 200 కిలోలు, సామగ్రి 300, బ్యాటరీలు 100. మొత్తం 1,500. ఇంకా 200 మిగిలిందని సంతోషిస్తాం. కాని 65 కిలోల చొప్పున నలుగురు మనుషులు ఎక్కితే మరో 260. పరిమితి 60 కిలోలు దాటిపోయింది! అందుచేత ఐదో వంతు బరువు మిగిలేలా ట్రక్కును ఎంచుకోవడం మంచిది. వానాకాలపు బురదలో నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటు ఉపయోగమే. అయితే ఆ యంత్రాంగం బరువు కూడా మీ వాటాలోంచే పోతుందని మరవకండి.

రెండో లెక్క: ఎక్కడ మోపాలి?

చిన్నప్పుడు ఆడిన తూగుడుబల్లను గుర్తు తెచ్చుకోండి. వెనక ఇరుసును ఆధారబిందువు అనుకోండి. రెండు ఇరుసుల మధ్య దూరం 320 సెంటీమీటర్లు. గది గరిమనాభి వెనక ఇరుసుకు 40 సెంటీమీటర్లు ముందుందనుకుందాం. అప్పుడు 1,500 కిలోలలో ఎనిమిదో వంతు, అంటే 187 కిలోలకు పైగా ముందు ఇరుసు మీద పడుతుంది. మిగిలిన 1,312 వెనక ఇరుసు మోస్తుంది.

అదే గదిని వెనక్కి జరిపితే? గరిమనాభి ఇరుసుకు 40 సెంటీమీటర్లు వెనక్కి పోతే ముందు చక్రాల మీద అంతకుముందున్న బరువులో 187 కిలోలు తగ్గుతుంది. వెనక ఇరుసు మీద 1,687 కిలోలు అదనంగా పడతాయి. గది బరువు మారలేదు, కాని స్టీరింగు తేలికై మలుపులో మాట వినదు. గది పొడవు ట్రక్కును మించి వెనక్కి వేలాడకూడదనేది ఇందుకే. నీటితొట్టిని ఇరుసుకు ముందు, వీలైనంత కింద అమర్చాలి. నీరు ఊగకుండా తొట్టిలో అడ్డుపలకలు పెట్టించాలి.

ఎత్తు కూడా ముఖ్యమే. చక్రాల మధ్య వెడల్పు 1.4 మీటర్లు, మొత్తం వాహనపు గరిమనాభి ఎత్తు 1 మీటరు అయితే, 20 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో బోల్తాపడే వేగం లెక్కప్రకారం గంటకు సుమారు 42 కిలోమీటర్లు. ఎత్తు 1.4 మీటర్లయితే అది సుమారు 36కు దిగుతుంది. స్ప్రింగులు, టైర్లు ఒరగడం వల్ల అసలు హద్దు ఇంకా తక్కువే.

దిగేటప్పుడు

ఎక్కడం ఇంజనుకు పరీక్ష, దిగడం బ్రేకులకు పరీక్ష. 3,000 కిలోల వాహనం 100 మీటర్ల ఎత్తునుంచి దిగితే 29.4 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. సుమారు 9 లీటర్ల చల్లటి నీటిని మరిగించేంత వేడి అది. అంతా బ్రేకుల మీదే మోపితే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. అందుకే ఎక్కిన గేరులోనే దిగమని పాత డ్రైవర్లు చెబుతారు. అప్పుడు కొంత భారాన్ని ఇంజను పంచుకుంటుంది.

టైరు పక్కగోడ మీది భారసంఖ్యను కూడా చూడండి. 100 అని ఉంటే ఆ టైరు 800 కిలోలు, 112 అని ఉంటే 1,120 కిలోలు మోయగలదు. గాలి తక్కువైతే టైరు ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది. రాయపూర్ మే నెల ఎండలో అది పేలడానికి దారితీయవచ్చు. గది మరీ బరువైతే, 1986లో వచ్చిన టాటా 407 తరహాలో వెనక జంటచక్రాలున్న చిన్న లారీయే నయం.

చివరి పరీక్ష

తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షను, ఒప్పుకోదు. కనుక గది కట్టించే ముందే రవాణా శాఖను సంప్రదించండి.

గది అమర్చాక నీరు నింపి, సామాను సర్ది, మనుషులను ఎక్కించుకుని వేబ్రిడ్జికి వెళ్లండి. రాయపూర్‌లో దాన్ని ధర్మకాంటా అంటారు. ముందు ఇరుసును ఒకసారి, వెనక ఇరుసును ఒకసారి, మొత్తం వాహనాన్ని ఒకసారి తూయించండి. ఆ మూడు అంకెలూ కంపెనీ ఇచ్చిన హద్దుల్లో ఉంటేనే ఘాట్ వైపు బయల్దేరండి.